బోరుకు తొలిముద్ద

చిన్న గరివిడి గని, అన్వేషణ విభాగం. బోర్ల నమోదు.
రాస్తున్నది: నూకరత్నం.

నమోదు 611

గాలి: దుమ్ముగా ఉంది. బోరు పని: లేదు. పంపిన నమూనాలు: లేవు.

ఇతర వివరాలు: ఈ గడిలో ఏం రాసినా పైన ఎవరూ చదవరు. లోగడ ఒకసారి విసుగుపుట్టి చోడి అంబలి కాచే విధానం మొత్తం రాసి పంపాను, ఉప్పు ఎప్పుడు వెయ్యాలో కూడా. 'స్వీకరించాం, ధన్యవాదాలు' అని జవాబొచ్చింది. కాబట్టి ఇవాళ నా కడుపులో ఉన్న మంటంతా ఇక్కడే రాస్తాను.

పొద్దున మంచు తెచ్చే వంతు మా ఇంటిది. నేనూ, దాలినాయుడు మావా మాస్కులు తగిలించుకుని వెళ్లి, గడ్డలు కోసి బండి మీద తెచ్చాం. మావ మా అమ్మకు తమ్ముడు, ఈ గనిలో బోరు మిషను నడిపేది ఆయనే. మా ఊరు పాత నికెలు సొరంగాల్లో ఉంటుంది. మేం తాగేదీ, వండుకునేదీ, చోడి మళ్లకు పెట్టేదీ, ఆఖరికి పీల్చే గాలి తీసుకునేదీ ఆ మంచులోంచే. గని చుట్టూ ఇసుకలో కలిసి పరుచుకున్న ఒకే ఒక్క పొర అది. ఇంకోటి లేదు.

మధ్యాహ్నం పై ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. పై ఆఫీసు అంటే నిజంగానే పైన, మా నెత్తి మీద తిరిగే ఓడలో ఉంటుంది. గనిలో నికెలు అడుగంటుతోంది. కొత్త చోట్లకు పోయి వెతికే బదులు, ఉన్న గని చుట్టుపక్కలే ఇంకేమైనా ఉందేమో చూడమని ఒక యంత్రానికి మా పాత బోర్ల లెక్కలన్నీ అప్పజెప్పారు. దాని పేరు సమగ్ర భూగర్భ విశ్లేషిణి. మేం పెద్దబుర్ర అంటాం. ఆలోచనలో తప్పేం లేదు. గని పక్కనే ఖనిజం దొరికితే దారులూ యంత్రాలూ మనుషులూ అన్నీ చేతిలోనే ఉంటాయి. నేను చదువుకున్నదీ అదే.

పెద్దబుర్ర వెతికి వెతికి కనిపెట్టిందేమిటంటే, మా మంచు పొరలో వెండి ఉందట. మూడు తరాలుగా గని చుట్టూ వేసిన ప్రతి బోరులోనూ, సరిగ్గా మంచు మొదలైన చోటే వెండి. కాబట్టి ఆ పొర మొత్తం చెక్కి పైకి పంపాలి. మాకు తాగునీళ్లు ఓడలో దించుతారు. ఓడ నీళ్ల మీద బతికిన ఊళ్లు ఈ గ్రహం మీద రెండు ఉండేవి. ఇప్పుడు లేవు.

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెండి ఎక్కడిదో చిన్న గరివిడిలో నడక నేర్చిన ప్రతి పిల్లకూ తెలుసు. బోరు వేసేటప్పుడు మంచు తగిలేదాకా ఇనప పైపు దించుతాం. అక్కడ మిషను ఆపి, బోరు నోట్లో తొలిముద్ద పెడతాం. పసిబిడ్డకు అన్నప్రాసన చేసినట్టే. చిటికెడు చోడిపిండి, అందులో చిన్న వెండి తునక. వంతు వచ్చిన ఇంటి ఆడమనిషి తన కాలి మట్టెను ఆకురాయితో గీసి ఇస్తుంది. భూమి నుంచి మా ముత్తవ్వల కాళ్లతో వచ్చిన వెండి అది, గీసి గీసి తీగల్లా అయిపోయాయి. తిన్న నేల మనుషుల్ని మింగదని మావాళ్ల నమ్మకం. ఆ పైన మిషను తిరుగుతుంది, వెండి నలిగి మంచులో కలుస్తుంది, మొదటి నమూనాతో పాటు పరీక్ష పెట్టెలోకి పోతుంది. ఆఫీసు ఇన్నాళ్లూ నికెలు అంకె తప్ప పక్క అంకె చూడలేదు, అందుకే ఎవరూ అడగలేదు.

తర్వాత పెద్దబుర్ర గీసిన పటం చూశాను. వెండి అన్నిటికంటే ఎక్కువ ఉన్న బోరు దగ్గర ఎర్రటి చుక్క పెట్టింది. ఆ బోరు నాకు తెలుసు. మా నాన్న పోయాక వేసిన మొదటి బోరు. ఆ రోజు వంతు మాది. మా అమ్మ గీసి ఇవ్వలేదు. ఇంక నాకెందుకని జత మట్టెలూ తీసి అందులో పడేసింది. ఇప్పుడు అమ్మా లేదు. పెద్దబుర్ర ఆ చుక్కకు 'అత్యంత ఆశాజనక కేంద్రం' అని పేరు పెట్టింది.

నా నవ్వు అక్కడితో సరి.

నమోదు 612

ఇతర వివరాలు: మా గని వ్యవహారాలు చూసే అధికారి తరణి గారితో మాట్లాడాను. తెర మీద ఆవిడ వెనక కుండీల్లో మొక్కలున్నాయి, నీళ్లకు కొదవలేని మొక్కలు.

అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. ఆ ఓపిక చూస్తేనే ఒళ్లు మండింది.

"రత్నం గారూ, మీ ఆచారం మీద నాకు గౌరవం ఉంది. కానీ అది డేటాలో లేదు కదండీ."

"నేను చెబుతున్నాను కదా మేడం."

"మీరు చెబుతున్నారు. బోరు నమోదులో 'పైపులో చేర్చిన పదార్థాలు' అని ఒక గడి ఉంది. బురద, గ్రీజు, ఉప్పు, ఏం వేసినా అక్కడ రాయాలి. మూడు తరాల్లో మీవాళ్లు ఒక్కసారి కూడా వెండి అని రాయలేదు."

నిజమే, రాయలేదు. గ్రీజు ఎన్ని చెంచాలో రాశాం, తొలిముద్ద రాయలేదు. అది పదార్థం అని మాలో ఎవరికీ తోచలేదు. బిడ్డ నోట్లో పెట్టిన ముద్దకు ఏ తల్లి లెక్క రాస్తుంది.

"పోనీ అంకెలు చూడండి. వెండితో పాటు రాగి వస్తోంది, ప్రతి బోరులోనూ ఒకే పాళ్లలో. నేలలో పుట్టిన వెండి అలా ఉండదు. కంసాలి కలిపితేనే అలా ఉంటుంది."

"సిస్టమ్ అది కూడా గమనించిందండీ. అందుకే దీన్ని అరుదైన నిక్షేపం అంటోంది."

తెర పగలగొట్టాలనిపించింది. ఊరికంతటికీ అదొక్కటే తెర కనుక ఊరుకున్నాను.

గొంతు పోయేదాకా వాదిస్తే ఒకదానికి ఒప్పుకున్నారు. వెండి వెయ్యకుండా ఒక తనిఖీ బోరు వేసుకోవచ్చు. నమూనాను పరీక్ష పెట్టె చదివి నేరుగా పైకి పంపుతుంది, మధ్యలో నా చెయ్యి తగలకూడదు. అందులో వెండి లేకపోతే ఉత్తరువు ఆపుతారు. ఒక్క బోరే, రెండోది అడగకూడదు. దానికి కూడా నాచేత రెండుసార్లు థాంక్స్ చెప్పించుకున్నారు.

నమోదు 614

ఇతర వివరాలు: పైవాళ్లను ఒప్పించాను. సొంత మనుషుల్ని ఒప్పించడం చేతకావడం లేదు.

"ముద్ద ఎట్టకుండా నాను మిసను తిప్పను," అన్నాడు మావ.

"ముద్ద ఎడితే మంచు పోద్ది మావా. మంచు పోతే మనమందరం పోతాం."

"ఎట్టకపోతే ముందు నువ్వు పోతావు. మీ అయ్య ఎలగ పోనాడో మర్సిపోనావేటి?"

మరిచిపోలేదు. ఆ రోజు ఆఫీసు తొందరపెట్టింది, తొలిముద్దకు కూడా ఆగనివ్వలేదు. మంచు కింద నుంచి గ్యాసు తన్నుకొచ్చి, పైపు ఎగిరి నాన్న మీద పడింది. ఆ బోరు నుంచి నమూనా కూడా పైకి పోలేదు. ముద్ద పెట్టలేదు కాబట్టి నేల మింగిందని ఊరంది. కార్మికుడి అజాగ్రత్త అని ఆఫీసు రాసింది. వాల్వులో వాషరు అరిగిపోయింది, కొత్తది పంపండని నాన్న అంతకుముందే అడిగాడు. రాలేదు. ఆ మాట మాత్రం ఊరూ అనదు, ఆఫీసూ రాయదు. ఒకరు తప్పును నేల మీద వేశారు, ఇంకొకరు చచ్చిపోయిన మనిషి మీద వేశారు. వాషరు పంపనివాడు హాయిగా ఉన్నాడు. ఇన్నేళ్లయినా నాకు ఇద్దరి మీదా కోపం తగ్గలేదు.

"నేలకి ఆకలి నేదు మావా. వాల్వుకి వాసరు నేదు, అంతే."

"సదువుకున్నదానివి. అలగే అంటావు."

అసిరమ్మ అత్త పక్కనే చోడిపిండి జల్లిస్తోంది. మావ పెళ్లాం. అమ్మ పోయాక నన్ను సాకింది ఆవిడే. తొలిముద్ద మాటెత్తితే అందరికంటే ముందు పోట్లాడే మనిషి. అలాంటిది జల్లెడ పక్కన పెట్టి, "పిల్ల అంతలా సెప్తంది గదా. తిప్పండి," అంది.

మావ ఆవిడ వైపు తిరిగాడు, తర్వాత నా వైపు.

"సరే. మిసను నువ్వు తిప్పమ్మీ. నాను వాల్వు కాడ నిలబడతాను. ఎగిరితే ముందు నా మీదే ఎగరాల."

నమోదు 615

గాలి: నిర్మలం. బోరు పని: తనిఖీ బోరు, మంచుగుంటకు తూర్పున. పైపులో చేర్చిన పదార్థాలు: గ్రీజు, రెండు చెంచాలు.

ఇతర వివరాలు: పాత మాస్కు రబ్బరు కోసి వాషరు నేనే చేసి బిగించాను. మంచు తగిలాక మిషను ఆపి పైపు సర్దుతుంటే అత్త అంబలి కూజా తెచ్చింది. కూజా కింద పెట్టి, వంగి కాలి దగ్గర ఏదో సర్దుకుంది. పైపు నోట్లోకి తొంగిచూసి, "ఎంత లోతుందో తల్లీ," అని వెళ్లిపోయింది. తర్వాత పని సాఫీగా సాగింది. మావ చివరిదాకా వాల్వు వదల్లేదు. నమూనా పెట్టెలోకి పోయింది. చాలా రోజుల తర్వాత ఆకలేసింది నాకు.

నమోదు 616

ఫలితం: వెండి ఉంది.

ఇతర వివరాలు: పెట్టె చెడిపోయిందనుకున్నాను. ఇంకోసారి చదివించాను. అదే అంకె. అప్పుడు ఆ అంకెను ఎక్కడో చూసినట్టనిపించి పాత లెక్కలు తీశాను. మా అమ్మ బోరులో ఉన్నదానికి సగం.

అమ్మ వేసింది జత. సగమంటే ఒక్కటి.

ఇంటికి పరుగెత్తాను. అత్త పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూడగానే కాళ్లు చీర కిందికి లాక్కుంది.

"అత్తా, నీ ఎడం కాలి మట్టె ఏది?"

"జారిపోనాది."

"ఎక్కడ జారినాది?"

ఆవిడకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పేసింది. "నువ్వేమో మిసను కాడ. మీ మావేమో వాల్వు కాడ. ఇద్దరూ ఆకలి నేల మీద. ఎట్టకూడదనే వొచ్చినానమ్మీ. ఆ నోరు సూసేసరికి సెయ్యి ఊరుకోనేదు. గీయడానికి టైము నేదు, మొత్తం ఎట్టీసినాను."

నేను అరిచాను. సొరంగాలన్నీ మారుమోగేలా అరిచాను. ఊరి నీళ్లు మొత్తం ఒక్క మట్టెకు తగలేశావన్నాను. ఆఫీసువాళ్లకూ నీకూ తేడా ఏమిటన్నాను. పెంచిన మనిషిని అనకూడని మాటలు ఇంకా కొన్ని అన్నాను, అవి ఈ గడిలో కూడా రాయను.

అంతా విని అత్త, "మంచు పోతే ఎలగో బతుకుతాం. నువ్వు పోతే నాను ఎలగ బతకాల?" అంది.

అంత ప్రేమ మీద కోపం రాకూడదు. కానీ వచ్చింది. ఆఫీసు మీద వచ్చిన దానికంటే ఎక్కువే వచ్చింది.

నమోదు 619

ఇతర వివరాలు: చెక్కుడు యంత్రాలు దిగాయి. ఒక్కొక్కటి మా వంటశాల అంత ఉంది. పిల్లలు చూడ్డానికి పోతుంటే తల్లులు ఈడ్చుకొచ్చారు.

అత్త మట్టె సంగతి చెప్పి తరణి గారిని ఇంకో బోరు అడిగాను. "ఒక్కటే అనుకున్నాం కదండీ," అన్నారు. ఆ తర్వాత, ఏదో చిన్న సంగతి గుర్తొచ్చినట్టు, "ఎలాగూ చెక్కేముందు పాత బోర్ల మధ్య ఖాళీల్లో కొత్త బోర్లు వేసి నిర్ధారించుకోవాలి, వాటిలో వెండి లేకపోతే చెక్కడం ఉండదు. అది మా నియమం. ఆ పని మీ సిబ్బందే మొదలుపెట్టాలి," అన్నారు.

"ఈ నియమం ఎప్పటి నుంచి ఉంది?"

"మొదటి నుంచీ ఉందండీ."

"మరి ఒక్క బోరు కోసం నాచేత అంత బతిమాలించుకున్నారు?"

"మీరు నియమం సంగతి అడగలేదు కదా."

ఆవిడ వెనక ఎవరో వచ్చి మొక్కలకు నీళ్లు పోస్తున్నారు. కుండీ నిండి పొర్లిపోతున్నా పోస్తున్నారు.

నమోదు 620

ఇతర వివరాలు: వంటశాలలో ఊరంతా కూడింది. ఖాళీల్లో వేసే బోర్లన్నీ తొలిముద్ద లేకుండా వెయ్యాలి. ఒక్కదాంట్లో వెండి కనబడినా యంత్రాలు కదులుతాయి. ఇదంతా నేను చెబుదామని లేచేసరికి అత్త ముందే లేచింది. నేను అరిచిన దగ్గర్నుంచీ మా మధ్య మాటల్లేవు.

"తప్పు నాదే," అంది అందరి ముందూ. "మల్లీ సెయ్యనని ఒట్టేస్తే నమ్మకండి. నా సేతుల మీద నాకే నమ్మకం నేదు. మీ సేతుల మీద మీకుందేటి?"

బోరు కాడికి పోయేది అందరి మొగుళ్లూ, అందరి కొడుకులూ.

అత్త కింద కూర్చుని, కుడికాలికి మిగిలిన మట్టె మెలితిప్పి తీసి, రాతి నమూనాలు పెట్టే రేకు పెట్టెలో వేసింది. మొగుడు ఎదురుగా నిలబడి ఉండగా మట్టె తీయడమంటే మావాళ్లలో ఎంత మాటో ఆఫీసుకు చెప్పినా అర్థం కాదు. అతని చావు కోరుకున్నట్టే. అందులోనూ ముద్ద లేని బోరు మీదికి అతన్ని పంపుతూ. మావ గోడవైపు తిరిగాడు.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. కొందరు ఏడ్చారు. కొందరు పెద్దబుర్రను పేరుపెట్టి తిట్టారు, దాన్ని కన్నవాళ్లను కూడా కలిపి. కొత్తగా పెళ్లయిన పిల్ల ఒకత్తి పెట్టె దాకా వచ్చి వెనక్కిపోయింది, మళ్లీ వచ్చింది. ఊరి వెండంతా అడుగు కూడా నిండలేదు. ఇంత లేదు కదా మా దగ్గర, దీని కోసమా మా నీళ్లు తోడుకుపోతారు అనిపించి కళ్లు తిరిగినంత కోపం వచ్చింది. పెట్టెకు తీగచుట్టి, తాళం వేసి, తాళంచెవి నా మెడలో వేసుకున్నాను.

నమోదు 623

బోరు పని: ఖాళీల్లో బోర్లు, అన్నీ అయ్యాయి. పైపులో చేర్చిన పదార్థాలు: గ్రీజు.

ఇతర వివరాలు: బోరు గుడారం బయట ఆడవాళ్లంతా బారుగా నిలబడ్డారు, చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరి చేతుల్ని వాళ్లే పట్టుకుని. పని అయ్యేదాకా ఒక్కరు కదల్లేదు.

ఆఖరు బోరులో గ్యాసు తన్నింది. పైపు ఈల వేసింది, కాళ్ల కింద నేల అదిరింది. నేను మిషను ఆపబోయాను. మావ వాల్వు మీద బరువంతా వేసి, "తిప్పమ్మీ, ఆపకు," అన్నాడు. నాన్న ఎక్కడ నిలబడి ఉండగా చనిపోయాడో మావ సరిగ్గా అలాంటి చోటే ఉన్నాడు. మాస్కు రబ్బరు ముక్క ఆగింది. వేలెడంత ముక్క. ఇది పంపడానికే కదా వాళ్లకు అప్పుడు తీరలేదు. ఈల తగ్గి ఆగిపోయాక మావ వాల్వు వదల్లేకపోయాడు, వేళ్లు ఒక్కొక్కటే నేను విడదీయాల్సి వచ్చింది.

ఫలితం: వెండి లేదు. ఏ బోరులోనూ లేదు.

బయటికొచ్చి చెప్పాను. అత్త ముందు మావ దగ్గరికెళ్లి మొహం, భుజాలు, చేతులు తడిమి చూసుకుంది. తర్వాత నా దగ్గరికొచ్చి నన్నూ అలాగే తడిమింది. నేను ఆవిడ మెడ మీద వాలి ఏడ్చాను.

నమోదు 630

ఇతర వివరాలు: యంత్రాలు ఎక్కి వెళ్లిపోయాయి. పై ఆఫీసు సందేశం వచ్చింది, ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

'వెండి సూచన పాత నమోదుల లోపం వల్ల ఏర్పడినట్టు గుర్తించి విశ్లేషణను సవరించాం. స్థానిక సిబ్బంది ఇకపై అన్ని గడులనూ పూర్తిగా నింపవలెను. ఈ అజాగ్రత్త పునరావృతం కారాదు.'

అజాగ్రత్త. మా నాన్న మీద రాసిన మాటే. మనుషులు మారినా, ఓడ మారినా, ఆ మాట మాత్రం వాళ్ల దగ్గర అరగదు. మావకు చదివి వినిపిస్తే, "గడులు నింపమన్నారు గదా. నింపు," అన్నాడు.

మట్టెలు ఎవరివి వాళ్లకిచ్చేశాను. ఖాళీల్లో వేసిన బోర్లు ఆకలితో ఉన్నాయని, వాటికి ఆలస్యంగానైనా పెట్టాలని ఆడవాళ్లు పట్టుబడుతున్నారు. నేలకు ఆకలి లేదని నేనిప్పటికీ అంటాను. అయినా వద్దనలేదు.

నమోదు 634

గాలి: నిర్మలం.

బోరు పని: పడమటి సొరంగం పక్కన, నికెలు కోసం.

వాల్వు వాషరు: పాత మాస్కు రబ్బరు. మీరు పంపలేదు.

పైపులో చేర్చిన పదార్థాలు: గ్రీజు, రెండు చెంచాలు. చోడిపిండి, చిటికెడు. వెండి, గోటి అంచంత.

చేర్చినది: దాలినాయుడి భార్య అసిరమ్మ, కుడికాలి మట్టె నుంచి.

చేర్చిన కారణం: లోపల మావాళ్లున్నారు.

పాత నమోదులకు సవరణ: మీరు 'అత్యంత ఆశాజనక కేంద్రం' అన్న బోరు. పైపులో చేర్చిన పదార్థాలు: వెండి, జత మట్టెలు. చేర్చినది: మా అమ్మ, సూరీడమ్మ. చేర్చిన కారణం: దానికి ముందు బోరులో మా నాన్న చనిపోయాడు.

ఆ ముందు బోరుకు సవరణ: ప్రమాద కారణం దగ్గర 'కార్మికుడి అజాగ్రత్త' కొట్టివేయడమైనది. వాషరు అడిగారు. పంపలేదు.

ఇతర వివరాలు: లేవు.